ఎదురెండలో ముందు అద్దం: హయత్‌నగర్ నుంచి సూర్యాపేట దాకా నా గ్లేర్ డైరీ

ఇల్లు హయత్‌నగర్‌లో, ఉద్యోగం సూర్యాపేటలో. సోమవారం పొద్దున వెళ్తాను, శనివారం సాయంత్రం తిరిగొస్తాను. వెళ్ళేది తూర్పుకు, వచ్చేది పడమరకు. అంటే రెండుసార్లూ సూర్యుడు ఎదురుగానే ఉంటాడు.

2024 అక్టోబరు 21, సోమవారం. నకిరేకల్ దగ్గరపడుతుండగా ముందు అద్దం మొత్తం తెల్లగా మెరిసిపోతోంది. ఆ తెలుపులోంచి ఒక కర్ర పైకి లేచింది. బ్రేకు గట్టిగా తొక్కాను. బండి ఆగేసరికి బంపరుకీ మొదటి గొర్రెకీ మధ్య రెండు గజాలు కూడా లేదు. కర్ర పైకెత్తింది కాపరి. కిటికీ దగ్గరికొచ్చి, "ఏంది సారూ, ఇంత పెద్ద మంద కనవడ్తలేదా?" అన్నాడు. నిజంగానే కనపడలేదు. కర్ర ఆకాశం మీదకు లేచింది కాబట్టి కనపడింది. రోడ్డు మీదున్న మంద ఆ తెలుపులో కలిసిపోయింది.

కళ్ళు చెదరగొట్టే ఈ మెరుపును (గ్లేర్) తగ్గించుకోవడానికి అప్పటి నుంచి నాలుగు నెలలు చేసిన పని ఇది. కారు తొమ్మిదేళ్ళ పాత హ్యాచ్‌బ్యాక్. నా వయసు 52, పదకొండేళ్ళుగా షుగర్ ఉంది. ఈ రెండు వివరాలూ తర్వాత పనికొస్తాయి. ఇదే పని మీరు మొదలుపెడితే దశ 7 ముందు చేయండి. నేను దాన్ని ఆలస్యంగా చేశాను.

దశ 1: కొలవడానికి ముందు కొన్నవి (అక్టోబరు 22–26)

కొలవకుండా కొన్నాను. మూడూ పనికిరాలేదు.

1. పసుపు రంగు "నైట్ డ్రైవింగ్" కళ్ళద్దాలు, ₹450. పెట్టుకోగానే అంతా వెలుగుగా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి అవి కంటికి చేరే వెలుగును తగ్గిస్తాయి. రాత్రి రోడ్డు మీద అసలే వెలుగు చాలదు. ఎదుటి లైటు కొంచెం తగ్గుతుంది, రోడ్డు పక్కన నడిచే మనిషి కూడా అంతే తగ్గుతాడు.
2. వైజర్‌కు (ఎండకు అడ్డంగా పైనుంచి దించుకునే రెక్కకు) తగిలించే ఆకుపచ్చ ప్లాస్టిక్ పలక, ₹380. దీని సంగతి కొలతల్లో తేలింది, కింద రాశాను.
3. డ్యాష్‌బోర్డు పాలిష్, ₹250. అప్పుడు మెరుపు నచ్చి వాడాను. దశ 4లో ఒక పూటంతా కూర్చుని దాన్ని వదిలించాల్సి వచ్చింది.

నాలుగోది రెండేళ్ళ కింద కొన్నది: ఎండకు నల్లబడే పవర్ కళ్ళద్దాలు. బయట నడిచేటప్పుడు చక్కగా నల్లబడతాయి, కారులో కూర్చుంటే తెల్లగానే ఉండిపోతాయి. అద్దాల్లో లోపమేమో అనుకున్నాను. లోపం లేదు. అవి నల్లబడేది అతినీలలోహిత కిరణాలకు. కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది, ఆ పొర ఆ కిరణాలను దాదాపు మొత్తం ఆపేస్తుంది. రెండేళ్ళు నేను వాటినే నమ్ముకుని బండి నడిపాను.

ఇప్పటిదాకా ఖర్చు: ₹1,080. ఫలితం: లేదు.

దశ 2: చీకటి పెట్టె (అక్టోబరు 27, ఆదివారం)

మొదట అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. దోమతెరలో పడుకుని, చేతిలోని టార్చి తెర మీద వేయండి. అవతల నిల్చున్న మనిషి కనపడడు. టార్చి ఆర్పితే కనపడతాడు. మనిషి మీద పడే వెలుగు మారలేదు. మారింది తెర మీద చెదిరిన వెలుగు, అదే మనిషిని కప్పేసింది. ఎదురెండలో కారులో జరిగేది ఇదే. సూర్యుడికీ నా రెటీనాకీ (కంటి లోపలి వెనక తెరకీ) మధ్య ఎన్ని పొరలున్నాయో లెక్కేశాను: అద్దం బయటి మురికి, అద్దం మీది గీతలు, అద్దం లోపలి జిడ్డు, అద్దంలో పడే డ్యాష్‌బోర్డు నీడ, కళ్ళద్దాలు, కంటిలోని లెన్స్. ప్రతి పొరా కొంత వెలుగును చెదరగొట్టి చూపు మీద తెల్లటి తెర పరుస్తుంది. ఎంత చెదురుతోందో కొలిస్తే ఏ పొర ఎంత చెడగొడుతోందో తెలుస్తుంది.

కొలవడానికి చేసింది:

1. టీవీ వచ్చిన అట్టపెట్టె లోపలంతా నల్ల వెల్వెట్ గుడ్డ (₹120) అంటించాను. ముందువైపు 15 సెం.మీ. రంధ్రం. ఈ రంధ్రంలోకి వెళ్ళిన వెలుగు తిరిగి బయటికి రాదు, కాబట్టి అది ఎప్పుడూ కటిక నలుపే. ఫోటోలో అది నలుపుగా లేకపోతే ఆ తేడా అంతా దారిలో చెదిరిన వెలుగే.
2. పెట్టె పక్కన తెల్ల కాగితం ఒకటి అంటించాను.
3. కాలనీ చివర ఖాళీ స్థలంలో కారును సూర్యుడికి ఎదురుగా నిలిపి, పెట్టెను బానెట్‌కు పది మీటర్ల ముందు పెట్టాను.
4. డ్రైవరు తల ఉండే చోట ఫోను. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి), షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) రెండూ ఒకేచోట బిగించాలి. ఆటోలో వదిలేస్తే ఫోను తనకు తోచినట్టు సర్దేస్తుంది, కొలత పోతుంది.
5. ఫోటో ఎడిటర్‌లో రంధ్రం మధ్య ఐదు చోట్ల రంగు విలువ చూసి సగటు తీశాను. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు.

సూర్యుడి ఎత్తును కంటితో చూసి అంచనా వేయకండి. ఎంత నల్లటి కళ్ళద్దాలు పెట్టుకున్నా సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, రెటీనా కాలిపోతుంది. 30 సెం.మీ. స్కేలును నేల మీద నిటారుగా నిలబెట్టి నీడ కొలవండి. నీడ 170 సెం.మీ. ఉంటే సూర్యుడు 10 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. 82 సెం.మీ. అయితే 20 డిగ్రీలు. నేను ప్రతిసారీ 170 దగ్గరే కొలిచాను.

మొదట తీసిన ఫోటోలన్నీ పారేశాను. సూర్యుడి వెలుగు నేరుగా ఫోను లెన్స్ మీద పడి, లెన్స్‌లోనే చెదిరింది. నేను కొలిచింది కారు అద్దాన్ని కాదు, ఫోను లెన్స్‌ను. తర్వాత లెన్స్ మీద మాత్రం నీడ పడేలా, అద్దం మీద ఎండ అలాగే ఉండేలా సన్నటి అట్టముక్క అడ్డం పెట్టాను. కారు బయట నిలబడి తీస్తే రంధ్రం విలువ 8 వచ్చింది. అంతకంటే తగ్గదని అర్థమైంది.

కారు లోపలి నుంచి: రంధ్రం 94, కాగితం 228.

ఇప్పుడు ఆకుపచ్చ పలక దించి, దానిలోంచి తీశాను: రంధ్రం 72. బాగుందే అనుకుంటుండగా కాగితం విలువ చూస్తే 131. నలుపు కొంచెం దిగింది, తెలుపు అంతకన్నా చాలా దిగింది. రెండింటి మధ్య తేడా 134 నుంచి 59కి పడిపోయింది. కళ్ళకు హాయిగా ఉంటుంది, మంద మాత్రం ఇంకా కనపడదు. గ్లేర్‌లో రెండు రకాలున్నాయంటారు: కళ్ళను ఇబ్బంది పెట్టేది ఒకటి, చూపునే తగ్గించేది ఇంకోటి. ఈ పలక మొదటిది తగ్గించి రెండోది పెంచింది. తీసేశాను.

ఒక హెచ్చరిక: ఈ అంకెలు పోల్చుకోవడానికే. అంకె సగమైతే వెలుగు సగమైందని అర్థం కాదు, కెమెరా అంకెలు అలా నడవవు. మబ్బు, పొగమంచు ఉన్న రోజుల్లో కాగితం విలువ 223కి తక్కువ వస్తే ఆ రోజు కొలత వదిలేశాను. మొత్తం ఐదు ఉదయాలు అలా పోయాయి.

ఇప్పటిదాకా ఖర్చు: ₹1,200. రంధ్రం విలువ: 94.

దశ 3: అద్దం తుడవడం (నవంబరు 3–10)

బయట షాంపూ నీళ్ళతో కడిగితే 86. అంత కడిగినా ఎనిమిదే తగ్గిందంటే అసలు మురికి లోపలివైపు ఉంది.

లోపలివైపు వేలితో రాస్తే వేలి కొసకు బూడిదరంగు జిడ్డు అంటింది. ఎండలో కాగిన డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి ఆవిరయ్యే నూనెలు, మన ఊపిరి తేమ, దుమ్ము, నా పాలిష్ కూడా కలిసి పేరుకున్న పొర అది. రోజూ పొద్దున పూట ఆ పొరలోంచే చూస్తున్నాం కాబట్టి ఉన్నట్టే తెలియదు.

మొదటి ప్రయత్నంలో పాత న్యూస్‌పేపరు, నీలం గ్లాస్ క్లీనరు వాడాను. 90 వచ్చింది. కడగకముందు కంటే కాస్త నయం, కడిగినప్పటి కంటే అన్యాయం. జిడ్డు పోలేదు, అద్దమంతా పరుచుకుంది. రాత్రి టార్చి ఏటవాలుగా వేసి చూస్తే చీపురుతో ఊడ్చినట్టు చారలు.

వారం తర్వాత పనిచేసిన పద్ధతి:

1. బండి నీడలో ఉండాలి, అద్దం చల్లగా ఉండాలి. వేడి అద్దం మీద ద్రావణం తుడిచేలోపే ఆరిపోయి చారలు కడుతుంది.
2. మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు (₹300). ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి కలపొద్దు, ఆ జిడ్డు మళ్ళీ అద్దానికే ఎక్కుతుంది.
3. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (₹220), డిస్టిల్డ్ వాటర్ సగం సగం. కారు తలుపులు తెరిచి పెట్టి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని చేయాలి.
4. ద్రావణాన్ని గుడ్డ మీద చల్లాలి, అద్దం మీద కాదు. అద్దం మీద చల్లితే డ్యాష్‌బోర్డు మీదికి కారుతుంది.
5. లోపలివైపు పైనుంచి కిందికి, బయటివైపు ఎడమ నుంచి కుడికి తుడవాలి. చార మిగిలితే దాని వాలును బట్టి అది ఏ వైపుదో తెలిసిపోతుంది.
6. రెండో గుడ్డతో పొడిగా. ఇదంతా మూడుసార్లు.

మొదటిసారి తుడిచిన గుడ్డ టీ వడకట్టిన గుడ్డలా గోధుమరంగుకు తిరిగింది. మూడోసారికి తెల్లగా వచ్చింది.

రంధ్రం విలువ: 52. ఈ మొత్తం పనిలో ఒక్క దెబ్బకు ఇంత దిగింది ఇక్కడే. ఖర్చు ₹520, సమయం గంటన్నర. తర్వాత కొలిచి చూస్తే ఆరు వారాల్లో ఆ పొర మళ్ళీ పట్టడం మొదలవుతోంది. ఇప్పుడు నెలకోసారి చేస్తున్నాను.

ఇప్పటిదాకా ఖర్చు: ₹1,720.

దశ 4: డ్యాష్‌బోర్డు (నవంబరు 10 మధ్యాహ్నం)

ఎండ డ్యాష్‌బోర్డు మీద పడి, అక్కడి నుంచి అద్దానికి తగిలి కంట్లోకి వస్తుంది. పాలిష్ కొట్టిన డ్యాష్‌బోర్డు ఇంకా ఎక్కువగా పంపిస్తుంది. సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగి పాలిష్ వదిలించాను. 46.

తర్వాత మెరుపు లేని నల్ల ఫెల్ట్ గుడ్డ (₹350) కొలిచి కత్తిరించి పరిచాను. 37. కత్తిరించేటప్పుడు రెండు జాగ్రత్తలు: ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే మూత మీద గుడ్డ పడకూడదు, అద్దం మంచు పోగొట్టే గాలి రంధ్రాలు మూయకూడదు. ఎయిర్‌బ్యాగ్ దగ్గర నేను నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ వదిలాను. మొదటి రోజు గుడ్డ జారి స్టీరింగ్ వైపు వచ్చింది, అంచులకు వెల్క్రో కుట్టించాను.

ఫోను హోల్డరు, తెల్ల టిష్యూ డబ్బా, దేవుడి బొమ్మ మూడూ డ్యాష్‌బోర్డు మీదనుంచి తీశాను. బొమ్మ ఇప్పుడు గేరు పక్కన ఉంది.

ఇప్పటిదాకా ఖర్చు: ₹2,070. రంధ్రం విలువ: 37.

దశ 5: గీతలు (నవంబరు 12–24)

ఎండలో అద్దం మీద ఇంద్రధనుస్సు వంపులో సన్నటి గీతలు మెరుస్తాయి. అరిగిన వైపర్ రబ్బరు దుమ్ముతో పాటు అద్దాన్ని రుద్దిన జాడలవి. వాటితో పాటు లారీల వెనక నడిచి నడిచి ఇసుక తగిలిన సూదిమొన గుంటలు. డ్రైవరు ఎదురుగా అరచేయి వెడల్పు చోట పడ్డ గుంటలు భూతద్దంతో లెక్కపెట్టాను: 43.

గాజును నునుపు చేసే సిరియం ఆక్సైడ్ పొడి, ఫెల్ట్ ప్యాడ్ తెచ్చి (₹480) ఎడమవైపు మూలలో చేత్తో రెండు గంటలు రుద్దాను. గీతలు పోలేదు. రుద్దిన చోట అద్దంలోంచి చూస్తే కరెంటు స్తంభం అలలా వంకరైంది. డ్రైవరు ఎదురుగా మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో! గోరుకు తగిలే గీత రుద్దితే పోదు, చేయొద్దు.

వైపర్లు మార్చాను (₹640). రంధ్రం విలువ మారలేదు, మారదు కూడా. కొత్త గీతలు పడకుండా ఉండడానికే అవి. పొడి అద్దం మీద వైపర్ వేసే అలవాటు మానేశాను.

నవంబరు 23న ముందు అద్దమే మార్పించాను, బిగింపుతో కలిపి ₹6,200. అద్దాల దుకాణంలో పనిచేసే కుర్రాడు, "అన్నా, ఎండకు ఇంత ఇబ్బంది పడతున్నవ్ కదా, నల్ల ఫిల్మ్ ఎయ్యనా?" అన్నాడు. వద్దన్నాను. ముందు అద్దం కనీసం 70 శాతం వెలుగును లోపలికి పంపాలన్నది నిబంధన, నల్ల ఫిల్మ్‌లు అంటించొద్దని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం అలా ఉంచినా, ఫిల్మ్ కూడా ఆ ఆకుపచ్చ పలక లాంటిదే: మందనూ ఎండనూ కలిపి తగ్గిస్తుంది.

కొత్త అద్దం, ఒక రోజు ఆగి తుడిచాక: 19.

ఇప్పటిదాకా ఖర్చు: ₹9,390.

దశ 6: దిక్కు, ఎత్తు, టైము

ఇది కాగితం మీద చేసిన లెక్క, దీనికి ఖర్చు దాదాపు లేదు. మ్యాపులో హైదరాబాద్ నుంచి సూర్యాపేటకు గీత గీస్తే ఉత్తరం నుంచి దాదాపు 103 డిగ్రీలు. తూర్పు అంటే 90. రోడ్డు వంపులు తిరుగుతుంది కానీ మొత్తం మీద వాలు అదే. సూర్యుడు సరిగ్గా ఆ దిక్కున ఉదయించేది అక్టోబరు చివరి వారంలోనూ, ఫిబ్రవరి మూడో వారంలోనూ. నా గొర్రెల మంద సంఘటన అక్టోబరు 21న ఎందుకు జరిగిందో ఈ లెక్కతో తెలిసింది. తిరుగు దారి 283 డిగ్రీలు. ఆ దిక్కున సూర్యుడు అస్తమించేది ఏప్రిల్ మూడు, నాలుగు వారాల్లోనూ, ఆగస్టు మూడో వారంలోనూ. మీ దారికి మీరు ఇదే లెక్క వేసుకోవచ్చు. ఏడాది పొడుగునా బాధ ఉండదు, ఒక్కో వైపు ప్రయాణానికి రెండు చెడ్డ కాలాలుంటాయి, వాటిని ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవచ్చు.

ఎత్తు సంగతి. వైజర్ పూర్తిగా దించితే దాని కింది అంచు నా కంటికి 12 డిగ్రీల పైన ఉంది. సూర్యుడు అంతకంటే కింద ఉన్నంతసేపు వైజర్ ఉన్నా లేనట్టే. సీటు మీద గట్టి దిండు (₹300) వేసి కంటిని 2.5 సెం.మీ. పైకి లేపాను. వైజర్ అంచు కంటికి 40 సెం.మీ. దూరంలో ఉంది కాబట్టి అంచు 8.5 డిగ్రీలకు దిగింది. మెత్తటి దిండు వాడకండి, బ్రేకు తొక్కినప్పుడు మనిషి ముందుకు జారతాడు. సీటుకే ఎత్తు పెంచే లివర్ ఉంటే అదే వాడండి.

ఇక టైము. మన దగ్గర సూర్యుడు ఉదయించాక 8.5 డిగ్రీలు ఎక్కడానికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. అక్టోబరు చివర సూర్యోదయం 6:14 ప్రాంతం. అందుకని ఇప్పుడు ఐదింటికే బయలుదేరి, 6:15కి నార్కట్‌పల్లి దాటాక టీ కొట్టు దగ్గర ఆగుతాను. 6:55కి మళ్ళీ కదులుతాను. అప్పటికి సూర్యుడు వైజర్ చాటుకు వచ్చేస్తాడు. ఈ 40 నిమిషాల ఆగుడు నేను కొన్న చాలా వస్తువులకంటే ఎక్కువ పనిచేసింది.

ఇప్పటిదాకా ఖర్చు: ₹9,690.

దశ 7: కన్ను (డిసెంబరు 1–7)

రంధ్రం 94 నుంచి 19కి దిగింది. అయినా డిసెంబరు 1 పొద్దున, పెట్టె పక్కన పాతిన సన్నటి కర్రను సీట్లో కూర్చుని పోల్చుకోలేకపోయాను. మా ఆవిడను కూర్చోమన్నాను. "కర్ర ఉంది కదండీ, దాని మీద దారం కూడా కనిపిస్తోంది" అంది. అదే కారు, అదే అద్దం, అదే ఎండ.

మళ్ళీ కూర్చుని, ఎడమ కన్ను మూశాను. కర్ర కనపడింది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. తెల్లటి మెరుపు తప్ప ఏమీ లేదు.

ఈ పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది, రూపాయి ఖర్చు లేదు. నేను ₹9,690 పెట్టాక చేశాను. మీరు మొదటి రోజే చేయండి:

1. కారు ఆపి, ఎదురెండలో (సూర్యుణ్ణి చూడకుండా) రోడ్డు పక్కన ఒక గుర్తు ఎంచుకోండి.
2. ఒక్కో కన్ను అరచేత్తో మూసి, నొక్కకుండా, అదే గుర్తు చూడండి.
3. రెండు కళ్ళకూ తేడా ఉంటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తేడా లేకున్నా రెండూ మసకగా ఉంటే కూడా వెళ్ళండి.
4. నీడలో ఇదే మళ్ళీ చేయండి. నీడలో బాగుండి ఎండలో చెడితే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

డిసెంబరు 7, కంటి ఆసుపత్రి. చీకటి గదిలో అక్షరాల బోర్డు: కుడి కన్ను 6/6, ఎడమ 6/9 (6/6 అంటే సరైన చూపు, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు). ఇక్కడితో ఆగి ఉంటే "కొంచెం పవర్ మారింది" అని ఇంటికి వచ్చేవాణ్ణి. ఎండ సంగతి చెప్పాక డాక్టరు మేడమ్ కంటి పక్కన లైటు వేసి మళ్ళీ చదివించారు. ఎడమ కన్ను 6/24. లైటు లేనప్పుడు చదివిన వరసల్లో మూడు కరిగిపోయాయి.

ఎడమ కంటి లెన్స్‌లో శుక్లం, అదీ లెన్స్ వెనక పొరలో, సరిగ్గా మధ్యలో. షుగర్ ఉన్నవాళ్ళలో, స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడినవాళ్ళలో ఈ రకం ఎక్కువ చూస్తామన్నారు మేడమ్. ఎండలో కంటిపాప చిన్నదవుతుంది కాబట్టి వెలుగంతా ఆ మచ్చలోంచే పోవాలి. నీడలో పాప పెద్దదై, మచ్చ పక్కల నుంచి చూపు వస్తుంది. అందుకే ఇంట్లో, ఆఫీసులో నాకు ఏ తేడా తెలియలేదు.

శుక్లం లేకున్నా కంట్లో వెలుగు చెదరడం వయసుతో పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కంట్లో కూడా చెదిరే వెలుగు డెబ్బై ఏళ్ళ ప్రాంతానికి పడుచు వయసుతో పోలిస్తే దాదాపు రెట్టింపు అవుతుంది. మీ నాన్నగారు సాయంత్రం పూట బండి నడపడానికి వెనకాడుతుంటే భయం అనుకోకండి, ఒకసారి కళ్ళు చూపించండి.

ఆ రోజు పరీక్షకు కంట్లో వేసిన చుక్కలతో పాప పెద్దదై, నాలుగైదు గంటలు బయటి వెలుగు భరించలేకపోయాను. ఆసుపత్రికి కారులో వెళ్ళకండి. నేను ఆటోలో తిరిగొచ్చాను.

శుక్లం ఆపరేషన్‌లో పెట్టే కొత్త లెన్స్ ఎంపిక: దగ్గర, దూరం రెండూ కనిపించే మల్టీఫోకల్ గురించి అడిగాను. వాటితో కొందరికి రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మీరు హైవే మీద తిరిగే మనిషి కాబట్టి మోనోఫోకల్ (ఒక్క దూరానికే స్పష్టంగా కనిపించేది) తీసుకోండి అన్నారు. అదే వేయించుకున్నాను. సంక్రాంతి అయ్యాక, 2025 జనవరి 21న ఆపరేషన్. ఆ ఖర్చు ఈ లెక్కలో కలపలేదు.

దశ 8: నా హెడ్‌లైట్లు (డిసెంబరు 22)

ఆపరేషన్ కోసం ఎదురుచూస్తూ, ఎదుటివాళ్ళ కళ్ళలోకి నేనేం కొడుతున్నానో కొలిచాను.

1. చదునైన చోట, గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో కారు. టైర్లలో గాలి సరిగా, డిక్కీ ఖాళీగా, డ్రైవరు సీట్లో ఒక మనిషి.
2. దీపం మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తో కొలవాలి. నాది 65 సెం.మీ.
3. డిమ్ వేసి, గోడ మీద వెలుగు పై అంచును టేపుతో గుర్తించాలి. దీపం ఎత్తు కంటే 10 నుంచి 13 సెం.మీ. కింద ఉండాలి, అంటే నాకు 52–55.

కుడి దీపం 54. ఎడమది 71! అంటే డిమ్‌లో కూడా ఎదుటివాళ్ళ కళ్ళలోకి కొడుతూ ఇన్నాళ్ళు తిరిగాను. పైగా రెండింటికీ అంచు తెగినట్టు లేదు, పైకి పొగలా చెదిరింది. కారణం నేను రెండేళ్ళ కింద వేయించిన ఎల్ఈడీ బల్బులు. రిఫ్లెక్టరును (బల్బు వెనక మెరిసే గిన్నెను) హాలోజెన్ బల్బులో తీగ ఉండే చోటును బట్టి మలుస్తారు. ఎల్ఈడీలో వెలుగు పుట్టే చోటు దానికి కుదరక చెల్లాచెదురవుతుంది. తీసేసి మామూలు హెచ్4 60/55 వాట్ల హాలోజెన్ జత వేశాను (₹460). అంచు కత్తిరించినట్టు వచ్చింది. ఎడమ దీపం స్క్రూ తిప్పి 54కి తెచ్చాను.

నా కళ్ళకు రాత్రి పనికొచ్చిన విషయం: కంట్లో చెదిరే వెలుగు కోణాన్ని బట్టి ఉంటుంది. దీపానికీ చూపుకీ మధ్య కోణం రెట్టింపైతే తెర నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే ఎదుటి లైటు వచ్చినప్పుడు చూపును ఎడమ అంచున ఉన్న తెల్ల గీత మీదికి తిప్పి, వేగం తగ్గిస్తాను. వెనక బండి లైటు కోసం లోపలి అద్దం కింద చిన్న లివర్ ఉంటుంది, రాత్రి దాన్ని తిప్పి పెట్టుకోవాలి.

ఇప్పటిదాకా ఖర్చు: ₹10,150.

దశ 9: చలువద్దాలు, మళ్ళీ అదే రోడ్డు (2025 ఫిబ్రవరి)

ఆపరేషన్ తర్వాత కట్టు విప్పిన రోజు మంచం మీది దుప్పటి చూశాను. ఎడమ కంటికి తెల్లగా, కొంచెం నీలిమందు వేసినట్టు ఉంది. కుడి కంటికి అదే దుప్పటి నెయ్యి రంగు. కుడి లెన్స్ కూడా ఎంత పసుపు తిరిగిందో అప్పుడే తెలిసింది.

బండి నడపొచ్చని డాక్టరు చెప్పాక చలువద్దాలు కొన్నాను, పవర్‌తో ₹2,400. కొనేటప్పుడు చూసినవి ఇవి. నలుపుకీ అతినీలలోహిత రక్షణకీ సంబంధం లేదు, దుకాణంలో మీటరు మీద పెట్టించి చూశాను. అద్దాలకు 0 నుంచి 4 దాకా తరగతులుంటాయి. 3 అంటే 8 నుంచి 18 శాతం వెలుగు వస్తుంది. 4 బండి నడపడానికి పనికిరాదు. నాది 3. పోలరైజ్డ్ (తగిలి తిరిగొచ్చే మెరుపును ఆపే రకం) అవునో కాదో తెలుసుకోవడానికి కంప్యూటర్ తెర ముందు పట్టుకుని పావు చుట్టు తిప్పాను, ఒకచోట తెర నల్లబడింది. తడి రోడ్డు మెరుపు, డ్యాష్‌బోర్డు నీడ ఇవి బాగా తగ్గిస్తాయి. నేరుగా వచ్చే సూర్యకాంతికి మాత్రం మామూలు చలువద్దాల కంటే ఎక్కువ చేసేదేమీ లేదు. ఒక ఇబ్బంది ఉంది: ఫోనును అడ్డంగా పెడితే మ్యాపు కనపడడం లేదు, నిలువుగా పెడితే కనపడుతోంది. కొన్ని ఫోన్లకు ఇది తిరగబడొచ్చు, ముందే చూసుకోండి. ఫ్లైఓవర్ కిందికి వెళ్తుంటే తీసేయాలి, రాత్రి అసలు పెట్టకూడదు.

మొత్తం ఖర్చు: ₹12,550. ఇందులో దేనికీ పనికిరానిది ₹1,560: పసుపు అద్దాలు, పలక, పాలిష్, సిరియం పొడి.

ఫిబ్రవరి 17, సోమవారం. సూర్యుడు మళ్ళీ అక్టోబరు దిక్కుకు వచ్చాడు. సూర్యోదయం 6:41. టీ కొట్టు దగ్గర 7:20 దాకా ఆగాను. స్కేలు నీడ 185 సెం.మీ., అంటే 9 డిగ్రీల పైన. ఇంటి దగ్గర ముందు రోజు కొలిచిన రంధ్రం విలువ 21. మంద ఎదురైన చోట సర్వీసు రోడ్డులో బండి ఆపి కుడి కన్ను మూశాను. ఎడమ కంటితో కిలోమీటరు రాయి, దాని మీది అంకె, వెనక వేపచెట్టు కింద కట్టేసిన గేదె మెడలో పసుపుతాడు కనపడ్డాయి.

కుడి కంటికి జూన్‌లో మళ్ళీ పరీక్ష. ఏప్రిల్ 19, 26 శనివారాల సాయంత్రాలు క్యాలెండర్‌లో ఎర్రగా గుర్తు పెట్టాను, ఆ రెండు రోజులూ తిరుగు దారిలో సూర్యుడు సూటిగా ఎదురుగా ఉంటాడు. సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందు ఎక్కడ ఆగాలో ఇంకా చూడాలి. చౌటుప్పల్ దాటేసరికి ఆ టైము అవుతుందని అంచనా.